నీళ్లలో మునిగి చచ్చిన కొర్రమీనులు

మా తోడికోడలిని చేపల మార్కెట్లో అందరూ కొర్రక్క అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు. అది కాగితాల్లో ఉంది, కాగితాలు రేకుపెట్టెలో ఉన్నాయి, ఆ పెట్టె తాళంచెవి మా మరిది జేబులో ఉంది. కాబట్టి ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. కొర్రమీను తప్ప మరో చేప అమ్మదు గనక కొర్రక్క. నేను ఆమెకంటే పదేళ్లు పెద్దదాన్ని. పక్క బండ మీద మంచులో పెట్టిన సముద్రపు చేపలు అమ్మేదాన్ని. నా చేపలు నా దగ్గరికి వచ్చేసరికే చచ్చి ఉండేవి, చంపిన చేతులు ఎవరివో నాకు అక్కర్లేదు. ఆమెకు ఆ వెసులుబాటు లేదు.

కొర్రమీనును బతికుండగా చూపించాలి, కొనేవాళ్ల కళ్లముందే చంపాలి. కొర్రక్క తొట్టిలో రెండు చేతులూ ముంచి, చేపను పట్టి బండ మీద పడేసేది. అది నల్లపాములా మెలికలు తిరిగి ఎగిరేది. ఎడమ అరచేత్తో వెన్ను నొక్కిపట్టి, కుడిచేత్తో దుడ్డుకర్ర ఎత్తి, రెండు కళ్ల మధ్యన ఒక్కటే దెబ్బ. ఎముక చిట్లిన చప్పుడు అయ్యేది, తోక ఒకసారి వణికేది, అంతే. ఎప్పుడైనా గురి తప్పి రెండో దెబ్బ వేయాల్సి వస్తే ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు. చంపడం ఆమెకు తప్పనిపించేది కాదు, నాన్చి చంపడమే తప్పనిపించేది.

మా మార్కెట్టు పొడవాటి రేకుల షెడ్డు. నడుమ నెత్తుటి నీళ్లు పారే కాలువ, దానికి అటూ ఇటూ నల్లరాతి బండలు, ప్రతి బండ వెనకా ఒక సిమెంటు తొట్టి. బొచ్చెలు, శీలావతులు అమ్మేవాళ్ల తొట్లలో గాలి మోటార్లు గుర్రుమంటూ బుడగలు కక్కేవి. కొర్రక్క తొట్టికి మోటారు లేదు.

"మీ చేపలకు గాలి పెట్టవేంటమ్మా?" అని కొత్తవాళ్లు అడిగేవారు.

"వాటికి నోరుంది, పైకొచ్చి మింగుతాయి. నీకు నేను పెడుతున్నానా గాలి?" అనేది.

నిజమే. బొచ్చె లాంటి చేప నీళ్లు నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి బయటికి వదులుతుంది. నీళ్లలో కలిసి ఉన్న మంచిగాలిని మొప్పల్లోని ఎర్రటి దువ్వెనపళ్లు లాక్కుంటాయి, ఒంట్లో ఉన్న చెడ్డగాలిని ఆ నీళ్లలోకే వదిలేస్తాయి. ఒడ్డున పడేస్తే ఆ పళ్లన్నీ తడిజుట్టులా ఒకదానికొకటి అంటుకుపోతాయి. చుట్టూ ఎంత గాలి ఉన్నా దానికి ఊపిరాడదు. కొర్రమీను సంగతి వేరు. దానికీ మొప్పలున్నాయి గానీ అవి దాని ఒంటికి చాలవు. తల లోపల, మొప్పలకు పైన, ఎర్రటి మడతలున్న చిన్న గది ఒకటి ఉంటుంది. కొద్దిసేపటికోసారి నీళ్ల మీదికి వచ్చి, 'టప్' మని నోరు తెరిచి, గాలి మింగి, ఆ గదిలో నింపుకుని కిందికి పోతుంది. తల కోసేటప్పుడు కొర్రక్క ఆ గదిని వేలితో విప్పి చూపించేది. "ఇదిగో, దీని ముందుగది. మీ ఇంట్లో ముందుగదికంటే శుభ్రంగా ఉంది చూడండి."

కొర్రమీను ఎగిరి కాలువలో పడుతుందని తొట్టికి వల బిగించేది. తొట్టి లోపలివైపు, అంచుకు నాలుగు వేళ్లు కిందుగా ఇనుప కొక్కేలుండేవి. వల వాటికి కట్టేది. నీళ్లు ఆ వలకు జానెడు కిందనే ఆపేది. "ఆ జానెడు ఖాళీలోనే ఉంది అక్కా వాటి ప్రాణం" అని నాతో ఎన్నిసార్లు అందో. నా చెవిన వెయ్యిసార్లు పడింది, బుర్రలోకి ఒక్కసారీ దిగలేదు. చచ్చిన చేపలు అమ్మేదానికి ఊపిరి గొడవ ఎందుకు?

గాలంటే ఏమిటో ఆమె చిన్నప్పుడే తెలుసుకుంది. ఏళ్ల తరబడి మూసి ఉన్న పాతబావిలో పూడిక తీయడానికి వాళ్ల నాన్న దిగాడు. దిగినవాడు పలకలేదు. ఏమైందో చూస్తానని చిన్నాన్న దిగాడు, ఆయనా పలకలేదు. మూడో మనిషి తాడు పట్టుకోబోతుంటే తొమ్మిదేళ్ల ఈ పిల్ల అతని చొక్కా పట్టుకుని వేలాడింది, చెయ్యి కొరికింది. అప్పుడెవరికో బుద్ధి పుట్టి లాంతరు తాడుకు కట్టి దించారు. సగం దూరం పోయేసరికి దీపం ఆరిపోయింది. బావిలో నీళ్లు మోకాలి లోతు లేవు. పాము కరవలేదు, రాయి పడలేదు. ఇద్దరు బలమైన మగాళ్లు ఒకరి మీద ఒకరు పడి చచ్చిపోయారు. కొక్కేలు వేసి పైకి లాగితే మొహాలు కమిలిపోయి ఉన్నాయట.

అలాంటి పిల్లను మా మరిదికి ఇచ్చి చేశారు.

మా మరిది లారీ నడిపేవాడు. చెరువుల దగ్గర బతికున్న బొచ్చెలను నీళ్ల పెట్టెల్లో ఎక్కించుకుని, ఆక్సిజన్ సిలిండర్లు తగిలించుకుని తెల్లారేసరికి మార్కెట్టుకు చేర్చేవాడు. పనిలో మంచివాడు. దారిలో పది చేపలు కూడా చావనిచ్చేవాడు కాదు. ఇంట్లో మాత్రం చేయి ఊరుకునేది కాదు. భార్యల నోరు మూయించాలంటే మిగతా మగవాళ్లు గట్టిగా అరుస్తారు. ఇతను అరచేత్తో నిజంగానే మూసేవాడు, ముక్కుతో సహా. ఆమె గోడకు ఆనుకుని లోపల లెక్కపెట్టుకునేది. నలభై దాకా వచ్చాక వదిలేసేవాడు. ఒకసారి యాభై రెండు దాకా పోయిందని నాకు చెప్పింది, చేప బరువు చెప్పినట్టు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య గోడ ఒక్క ఇటుక మందం. నేను అన్నీ వినేదాన్ని.

వదిలేసి పోవచ్చు కదా అంటారు చదువుకున్నవాళ్లు. ఎక్కడికి పోవాలి? ఇల్లు అతనిది, లారీ అతనిది, పెట్టె తాళం అతనిది. బండ ఒక్కటే ఆమెది. మార్కెట్ గుత్తేదారు రాసిచ్చిన చీటీలో కొర్రక్క అనే రాసి ఉంది. ఆరడుగుల ఆ రాయి వెనక నిలబడ్డంతసేపూ ఆమె మీద చేయి వేసే ధైర్యం ఎవరికీ లేదు, మొగుడితో సహా. చేతిలో దుడ్డుకర్ర ఉండేది కదా. తెల్లారగట్ల బండ కడిగేటప్పుడు ఆమె మొహం చూడాలి. పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు రుద్దేది.

ఆ ఏడు ఎండలు ముదిరాక మార్కెట్లో ఒక గొడవ జరిగింది. ఎవరి తొట్టిలోనో బొచ్చెలు మూకుమ్మడిగా చచ్చాయి. ఆ అమ్మినవాడు వాటిని దాచిపెట్టి తక్కువకు తోలేశాడు. తిన్న ఇంట్లో అందరూ వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. అధికారులు వచ్చి రెండు రోజులు షెడ్డుకు తాళం వేశారు. తాళం తీశాక గుత్తేదారు మమ్మల్నందరినీ కాలువ దగ్గర నిలబెట్టాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం షెడ్డుకు సరిపడా ఉండేది.

"ఇక నుంచి ఎవరి తొట్టిలో చేపలు గుంపుగా చస్తే వాళ్ల బండ లాగేసుకుంటా. ఎందుకు చచ్చాయో నాకు కథలు చెప్పొద్దు. చచ్చాయా, మీరూ చచ్చారు నా లెక్కలో."

కొర్రక్క నా చెవిలో, "నా చేపలు నా దుడ్డుకర్రకు తప్ప చావవులే అక్కా" అంది. పది రోజులు తిరక్కుండానే అవి చచ్చిన రోజు వచ్చింది.

ఆ రోజుకు ముందు సాయంత్రం కూరలో ఉప్పు తక్కువైందని మరిది స్టీలు గ్లాసు విసిరాడు. పైవరసలో పన్ను సగానికి విరిగింది. పొద్దున బండ దగ్గరికి వచ్చింది గానీ మధ్యాహ్నానికి దవడ వాచి కన్ను మూసుకుపోయేలా ఉంది. బేరాలు మందంగా ఉండే వేళ చూసుకుని పన్ను డాక్టరు దగ్గరికి బయలుదేరింది.

"అక్కా, తొట్టి కాస్త చూస్తుండు. ఎవరైనా వస్తే నాలుగింటికి రమ్మను."

"పో పో, నేనున్నాగా" అన్నాను. పెద్ద కాపలాదారుని!

ఆమె అటు పోగానే మరిది వచ్చాడు. నిద్ర లేచి, మొహం కడుక్కుని, దువ్వుకుని ఉన్నాడు. పన్ను విరగ్గొట్టిన మర్నాడు అతనికి ఎప్పుడూ కాస్త మంచితనం వచ్చేది, జ్వరం వచ్చినట్టు. తొట్టి మీదికి వంగి చూసి కంగారుపడ్డాడు.

"వదినా, చూడు, అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి! గాలాడక చస్తున్నాయి!"

"అవెప్పుడూ అంతేనయ్యా."

"ఎప్పుడూ అంతేనంటావేంటి? నా లారీలో ఒక్క చేప ఇలా నోరు తెరిచిందంటే సిలిండర్ తిప్పేస్తా. ఇక్కడ నలభై తెరుస్తున్నాయి. మోటారా లేదు, నీళ్లా సగం తొట్టే. మొన్ననేగా గుత్తేదారు చెప్పింది? దీనికి బుద్ధుందా?"

కొర్రమీనులను అతను ఎన్నడూ లారీ ఎక్కించలేదు, అతనికి తెలిసింది బొచ్చెల నియమమే. బొచ్చె పైకొచ్చి నోరు తెరిచిందంటే నీళ్లలో గాలి అయిపోయిందని అర్థం, వెంటనే కొత్తనీళ్లు పోయాలి. బొచ్చెను కాపాడే పని అది. అతను కుళాయి దగ్గరనుంచి బకెట్లు మోశాడు. చొక్కా విప్పి భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ, తొట్టి అంచు దాకా పొర్లేలా నింపాడు. వల నాలుగు వేళ్ల లోతున నీళ్లలోకి పోయింది. నాకు ముచ్చటేసింది కూడా. పెళ్లైన ఇన్నేళ్లలో భార్య కోసం ఒక బకెట్టు మోయడం చూడలేదు. "దానికి చెప్పకు వదినా, చూసి తనే మురిసిపోతుంది" అని నవ్వి, వీధి చివర టీ కొట్టుకు పోయాడు.

కాసేపటికి తొట్టిలోంచి చప్పుడు మొదలైంది. వలకు తలలు కొట్టుకుంటున్న చప్పుడు, లోపల్నుంచి తలుపు బాదినట్టు. కొత్తనీళ్లకు హుషారొచ్చింది కాబోలు అనుకున్నాను. తర్వాత తగ్గింది. తర్వాత ఆగిపోయింది. నిద్రపోయాయనుకున్నాను.

నాలుగింటికి కొర్రక్క బుగ్గలో దూది పెట్టుకుని వచ్చింది. నాతో ఏదో అనబోతూ తొట్టి వైపు చూసింది. వల కింద అన్నీ తెల్లటి పొట్టలు. రెండు చేతులతో వల పట్టి గుంజింది, కొక్కేలు గీరుకుని వేళ్లు చీరుకుపోయాయి. ఒక్కొక్క చేపనూ పైకి తీసి పట్టుకుంది, ఊపింది, నోట్లో వేలు పెట్టి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

ఎదురు బండ పీతల మామ ముందు చూశాడు. నోరు ఊరుకునే మనిషి కాదు. "అయ్యయ్యో! తొట్టి తొట్టంతా పోయింది! మందు కలిసింది నీళ్లలో! మళ్లీ తాళం వేస్తారు మనకు!" అని షెడ్డంతా వినపడేలా అరిచాడు.

తాళం అనే మాట చాలు. అటు రెండు బండలవాళ్లు, ఇటు నాలుగు బండలవాళ్లు, బేరానికొచ్చినవాళ్లు, అందరూ కమ్ముకున్నారు. మంచిమాట మాట్లాడడానికి ఎవరూ రాలేదు. ఒకడు జబ్బ పట్టి లాగాడు. ఒకావిడ జుట్టు పట్టుకుంది, ఆవిడ కత్తికి సాన పెట్టిచ్చింది కొర్రక్కే. ఎవరో తూకపు రాయి విసిరారు. కంటి పక్కన తగిలి చర్మం చిట్లింది, మొహమంతా నెత్తురు. కాలువలో పడిపోతే లేవనివ్వకుండా ఇద్దరు కాళ్లతో తన్నారు. పొలుసులు, పేగులు, నెత్తురు అన్నీ చీరకు అంటుకున్నాయి. "మా పొట్టలు కొడతావా?" అని ఒకటే కేకలు.

గుత్తేదారు వచ్చాడు. వెనకే టీ కొట్టు దగ్గరనుంచి మా మరిది పరుగెత్తుకొచ్చాడు. గుంపును తోసుకుని తొట్టిలోకి చూశాడు. పొర్లుతున్న నీళ్లు చూశాడు, తెల్లటి పొట్టలు చూశాడు. అతని మొహంలో రంగు పోయింది. ఆ క్షణంలో నిజం చెబుతాడనే అనుకున్నాను. నా వైపు చూసి, తల ఇంత అంటే ఇంత అడ్డంగా ఊపాడు. తర్వాత భార్యను రెక్క పట్టి లేపి, చెంప పగిలేలా కొట్టాడు.

"ఏం కలిపావే నీళ్లలో? చెప్పు, ఏం కలిపావు?"

వాచిన దవడ మీదే కొట్టాడు. బుగ్గలోని దూది నెత్తురుతో సహా బయట పడింది.

నేను నా బండ వెనకనే నిలబడ్డాను. మరిది. మా ఇంటి మగాడు. గుంపు ఇలా ఉంది. చెప్తే అతన్ని చంపేస్తారు. ఇలాంటివన్నీ ఆ కాస్త సేపట్లో ఎంత బాగా తోస్తాయో!

కొర్రక్క బండను ఆసరా చేసుకుని నిలబడింది. ఎవరివంకా చూడకుండా తొట్టి అంచున చేయి పెట్టి చూసింది. నీళ్లు వేళ్లమీదుగా పొర్లాయి.

"అయ్యా, ఇవి మందుకు చావలేదు. మునిగి చచ్చాయి" అంది గుత్తేదారుతో.

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. పీతల మామ కడుపు పట్టుకున్నాడు. "చేపలు నీళ్లలో మునిగి చచ్చాయంట! రేపు కాకులు ఆకాశంలోంచి జారిపడి చచ్చాయంటుంది!"

"నేను నీకు వెర్రివాడిలా కనిపిస్తున్నానా?" అన్నాడు గుత్తేదారు.

"ఎలా కనిపిస్తున్నారో తర్వాత చెప్తా. ముందు రెండు బకెట్లు ఇప్పించండి." అప్పుడు పీతల మామ వైపు తిరిగింది. "నీ పీతలు బుట్టలో నురగ కక్కుతూ పొద్దుగూకేదాకా బతకట్లేదా మామా? మొప్పల్లో కాస్త తడి దాచుకుని గాలితో కానిస్తున్నాయి. నీ సరుకు సంగతే నీకు తెలీదు, నా సరుకు మీద కూస్తావా?"

బండ కింద చేయి పెట్టి తడి గోనెసంచి ఒకటి బయటికి లాగింది. ఎవరో సాయంత్రానికి చెప్పి పెట్టుకున్న రెండు చేపలు పొద్దుటినుంచీ అందులో ఉన్నాయి. నేల మీద దులిపితే రెండూ ఎగిరిపడ్డాయి. గుంపు ఒక అడుగు వెనక్కి తగ్గింది.

"పొద్దుటినుంచీ నీళ్లు లేకుండా బతికాయి. అవునా? ఇప్పుడు చూడండి. ఈ తొట్టి నీళ్లే, మందు కలిసిందన్న నీళ్లే, రెండు బకెట్లలోనూ పోస్తా. ఒక దాంట్లో సగం పోసి పైన వల కడతా. రెండో దాంట్లో నిండా పోసి, వలను నీళ్ల లోపలికి దించి కడతా, చేప మూతి పైకి రాకుండా. నీళ్లలో మందుంటే రెండూ చస్తాయి. అప్పుడు బండ తీసుకోండి, నన్నూ ఈ కాలువలోనే తొక్కేయండి."

గుత్తేదారు వాచీ చూసుకున్నాడు. ఒప్పుకున్నాడు. జాలితో కాదు, అలాంటి వేడుక అతనూ ఎప్పుడూ చూడలేదు.

ఆమె వల దించి కడుతుంటే ముడి రెండుసార్లు జారిపోయింది. కొట్టిన దెబ్బలకే అనుకున్నారంతా. కాదు. చేపను అలా చంపడం ఆమెకు అదే మొదలు. ఆ బకెట్టు వైపు తిరిగి, "ఏమనుకోకే" అంది మెల్లగా.

మొదట రెండు చేపలూ అడుక్కి పోయి కూర్చున్నాయి. కాసేపటికి సగం నీళ్ల బకెట్లోది పైకి వచ్చి, 'టప్' మని గాలి మింగి కిందికి పోయింది. రెండోది కూడా పైకి వచ్చింది. వల తగిలింది. ఇంకో పక్కకు పోయింది, అక్కడా వలే. కాస్త ఆగి మళ్లీ వచ్చింది. ఈసారి తలతో పొడిచింది. బకెట్టు కదిలింది. తర్వాత ఇక ఆగలేదు. కింద తోక ఆనించి పైకి దూసుకొచ్చి కొట్టుకోవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. మూతి చిట్లి నీళ్లలో నెత్తుటి దారం తేలింది. ఇందాక నవ్వినవాళ్లెవరూ నవ్వడం లేదు. ఒకావిడ చెంగు నోట్లో కుక్కుకుంది. అది నేను మధ్యాహ్నం విన్న చప్పుడే. హుషారనుకున్నాను నేను దాన్ని.

గంట దాటింది. చేప కొట్టుకోవడం తగ్గి, ఒక పక్కకు ఒరిగింది. గుత్తేదారు గొంతు తగ్గించి, "సరే. అయితే తొట్టి నింపిందెవరు?" అన్నాడు.

అప్పుడు మా మరిది కదిలాడు. "ఇదంతా దొంగాట! నీళ్లలో ఏదో చేసింది!" అంటూ కాలెత్తి బకెట్టు తన్నబోయాడు. చేపను నేల మీద పారబోస్తే అది మళ్లీ ఊపిరి పీల్చుకుంటుందని, ఎవరూ ఏమీ అడగరని అతని ఆలోచన. కొర్రక్క చేతిలోకి దుడ్డుకర్ర ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. ఒక్కటే దెబ్బ, మోకాలి కింద. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అతను కాలువలో బోర్లా పడి, నోటినిండా ఆ నీళ్లు మింగి దగ్గాడు.

"మొగుణ్ణి కొడతావా?" అని ఇద్దరు మగాళ్లు ఆమె మీదికి దూకారు. ఒకడు మెడ పట్టుకున్నాడు.

"తొట్టి నింపింది వాడే!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పన్నెండు బకెట్లు మోశాడు. చొక్కా భుజాన వేసుకుని మోశాడు. నేను చూశాను. మధ్యాహ్నం అది డాక్టరు దగ్గరికి పోతే, బొచ్చెలనుకుని నింపాడు. మంచికే నింపాడు, మంచి చేయడం చేతకాని మనిషి. వదలండి దాన్ని!"

మెడ మీద చేయి సడలింది. గుత్తేదారు వంగి వల విప్పి, చేపను తన చేత్తోనే బయటికి తీశాడు. అది మెత్తగా వేలాడింది. సగం నీళ్ల బకెట్లోది, అందరి ముందూ పైకొచ్చి ఒక గుటక గాలి మింగి, నింపాదిగా దిగిపోయింది. ఒకే తొట్టి నీళ్లు.

"మునిగే చచ్చింది" అన్నాడు గుత్తేదారు. ఈసారి పీతల మామ తన బుట్ట వైపు తిరిగి పీతలు సర్దుకున్నాడు.

గుంపుకు మాత్రం ఎవరో ఒకరు కావాలి. ఇందాక ఆమెను తన్నిన కాళ్లే అతని మీదికి వెళ్లాయి. విరిగిన కాలు పట్టుకుని అతను "వదినా! వదినా!" అని అరుస్తున్నాడు. నాలుగైదు దెబ్బలు పడేదాకా కొర్రక్క చూస్తూ నిలబడింది. తొందరేమీ పడలేదు. తర్వాత దుడ్డుకర్రతో బండ మీద గట్టిగా కొట్టింది.

"చాలు! వాణ్ణి కొట్టడానికి మీరెవరు? ఆ హక్కు నాకొక్కదానికే ఉంది, నేను కొట్టేశాను. పోండి, మీ తొట్లు చూసుకోండి."

గుత్తేదారు గొంతు సవరించుకున్నాడు. బండ నీదే అనలేదు, తప్పయిందని అంతకంటే అనలేదు. "చచ్చినవాటిని ఎవరికీ అమ్మకు, పూడ్చేయించు" అన్నాడు. బండ ఉంచినట్టే అని అందరికీ అర్థమైంది.

మరిదిని నలుగురు మోసుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమె వెంట పోలేదు. షెడ్డు వెనక మేమిద్దరమే గుంత తవ్వాం. నలభై చేపలు, బకెట్లో చచ్చింది ఒకటి. మట్టి వేస్తూ అడిగింది.

"ముందే ఎందుకు చెప్పలేదక్కా? రాయి తగలకముందు?"

"ఇంటి పరువు అనుకున్నానే."

"పరువుకేం అక్కా, గోనెసంచిలో చుట్టి దాచినా చావదు. ఇవాళ నేను చచ్చేదాన్ని."

పార తీసుకుని మిగిలిన మట్టి నేనే వేశాను.

ఆ రాత్రి ఆమె మా ఇంట్లోనే పడుకుంది. మరిది ఆసుపత్రినుంచి కబురు పంపాడు, పెట్టె తాళంచెవి కూడా పంపాడు. తాళం తీసుకుంది, కబురు తీసుకోలేదు. నయమయ్యాక అతన్ని వాళ్లమ్మ దగ్గరికే పొమ్మంది. అతను వెళ్లాడు. కొన్నాళ్లకు కుంటుతూ లారీ ఎక్కాడు. బొచ్చెలు దించడానికి మార్కెట్టు గేటు దాకా వచ్చేవాడు, షెడ్డులోకి మాత్రం రాలేదు.

గొడవ జరిగిన మర్నాడే కొర్రక్క బండ దగ్గర ఉంది. కొత్త చేపలు దింపించుకుంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, మెడ మీద నాలుగు వేళ్ల గుర్తులు నల్లగా కనిపిస్తున్నాయి, నోరు ఒక పక్కకే తెరుచుకుంటోంది. కాలువకు అటూ ఇటూ ఉన్నవాళ్లంతా తలలు వంచుకుని పొలుసులు గీకుతున్నారు. మొదటి బేరానికి చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. తొట్టి చూడకుండా ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యో, ఆ కంటికేమైందమ్మా?"

"కిలో ఎంతో అడగండి" అంది కొర్రక్క, నీళ్లలో చేతులు ముంచుతూ. "కన్ను అమ్మకానికి లేదు."